అరికాలి వంపు, బూటులోని అట్ట

గుఱ్ఱముల పాదములను, కంచరగాడిదల పాదములను, ఎద్దుల గిట్టలను గూర్చి పండితులు శ్రద్ధతో వ్రాసిరి గాని తమ జాతి పాదములను మాత్రము మరచిరని డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు పెట్రుస్ కాంపర్ నిష్ఠురమాడెను. 1781లో ఆయన జోళ్ళను గూర్చియే ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ నిష్ఠురము అన్యాయమైనది కాదు. అప్పటి ఐరోపాలో సాధారణముగా కుడికాలి జోటిని, ఎడమకాలి జోటిని ఒకే కొయ్య అచ్చుపై కుట్టెడివారు. జోడు కరచినచో తప్పు పాదముదే!

మన పాదములో 26 ఎముకలున్నవి. అవి రాతి కమానువలె కూర్చబడి, గట్టి బంధనములచేతను కండరములచేతను నిలిచియున్నవి. కాని రాతి కమాను కదలదు, పాదపు కమాను కదలును. అడుగువేసి బరువు మోపినపుడు వంపు కొంత అణగి, చీలమండ లోపలికి ఒరుగును. దానితోపాటు మోకాలి క్రింది పెద్ద ఎముకయు లోపలికి తిరుగును. పాదములోని ఒరుగుడు మోకాలివరకు ప్రాకునన్నమాట. పాదమును సరిచేసినచో పిక్కనొప్పియు, మోకాలినొప్పియు పోవునను ఆశకు మూలమిదియే.

1858లో జూరిచ్ నగరమున హెర్మన్ ఫన్ మేయర్ అను ఆచార్యుడు ఒక గీత గీచి చూపెను. బొటనవ్రేలి నడుమనుండి వెనుకకు సాగిన గీత మడమ నడుమను చేరవలెను. మొన తేలిన బూట్లు బొటనవ్రేలిని ప్రక్కకు నెట్టి ఈ గీతను విరచుచున్నవని ఆయన వాదము. ఎముకలోపలి సన్నని పలకల అమరికను చిత్రించినవాడును ఈ మేయరే. 1866లో ఆ చిత్రమును చూచిన కుల్మన్ అను ఇంజనీరు, క్రేనులో బరువు ప్రసరించు రేఖలను అందు గుర్తించెను. పాదమును ఒక యంత్రమువలె లెక్కించు చూపు ఈ కాలమున బలపడెను.

ఆ చూపునుండి పనిముట్లు పుట్టెను. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ బూటు మడమను లోపలివైపున ముందుకు పొడిగించెను. న్యూయార్కులో రాయల్ విట్‌మన్ 1880ల చివర రోగి పాదమునకు ప్లాస్టరు అచ్చు తీసి, దాని ననుసరించి ఉక్కు రేకును మలచి బూటులో అమర్చసాగెను. 1904లో విలియం షోల్ చికాగోలో వంపును ఎత్తిపట్టు అట్టను అమ్మకమునకు పెట్టెను. వైద్యశాలలోని వస్తువు అంగడికెక్కినది.

ఇక్కడ విద్యార్థులు ఒక తర్కదోషమును గమనింపవలెను. వైద్యుని వద్దకు వచ్చువారు నొప్పి గలవారు. వారిలో చదును పాదములు కనబడగనే చదునుతనమే వ్యాధియని నిర్ణయించిరి. నొప్పి లేక పొలము దున్నుచు, బరువులు మోయుచున్న చదును పాదములను ఎవరు లెక్కించిరి?

ఆ లెక్క కెనడా సైన్యమున జరిగెను. హ్యారిస్, బీత్ అను ఇద్దరు సుమారు 3,600 మంది సైనికుల పాదములను పరీక్షించి 1947లో ఫలితములు ప్రకటించిరి. మెత్తగా వంగు చదును పాదము చాలమందిలో బలమైన పాదమే. బాధపెట్టునది ముఖ్యముగా పిక్కనరము బిగిసియున్న చదును పాదము, లేదా కీళ్ళు బిగిసి కదలని పాదము. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో దీనికి మించిన పని లేదు. అయినను అట్టల వ్యాపారము దీనిచే తగ్గలేదు.

పైగా కాలిఫోర్నియాలో మెర్టన్ రూట్ చీలమండ క్రింది కీలునకు ఒక తటస్థస్థితి కలదని, ప్లాస్టిక్ అట్టతో పాదమును దానికి చేరువగా నిలుపవలెనని బోధించెను. ఆయన గ్రంథములు 1971లోను, 1977లోను వెలువడెను. సిద్ధాంతము అందమైనదే. కాని ఆ స్థితిని ఇద్దరు పరీక్షకులు కొలిచినచో రెండు కొలతలు వచ్చుట కద్దు.

తరువాత పరీక్షలు సాగెను. 1989లో అమెరికాలో వెంగర్ బృందము చదును పాదములు గల పిల్లలను మూడేండ్లు పరిశీలించెను. ప్రత్యేకపు బూట్లు, అట్టలు ధరించినవారికిని, ఏ చికిత్సయు లేనివారికిని వంపు సమానముగనే పెరిగెను. 1993లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో, 246 మంది అమెరికా కాల్బలపు శిక్షార్థులలో అందరికంటె చదునైన పాదములవారికే గాయములు తక్కువ!

మన దేశమున రావు, జోసెఫ్ అను వైద్యులు కర్ణాటకలో 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ఫలితములు ప్రకటించిరి. పాదరక్షలు తొడుగువారిలో చదును పాదములు నూటికి 8.6, వట్టికాళ్ళతో తిరుగువారిలో 2.8. వ్రేళ్ళు మూసిన బూట్లు తొడిగినవారిలో ఎక్కువ, చెప్పులవారిలో తక్కువ.

అట్టలు నిష్ప్రయోజనములని దీని అర్థము కాదు. 2006లో ఆస్ట్రేలియాలో రెండు పరీక్షలు వెలువడెను. మిక్కిలి ఎత్తైన వంపుతో నొప్పిపడు 154 మందిలో, పాదము ననుసరించి చేసిన అట్టలు ఉత్తుత్తి అట్టలకంటె బాగుగ నొప్పి తగ్గించెను. మడమనొప్పిగల 135 మందిలో మాత్రము, కొలిచి చేయించిన అట్టయు, అంగడిలో కొన్న అట్టయు మూడు నెలలకు ఇంచుమించు ఒకే మేలు చేసెను. ఏడాది గడచుసరికి ఉత్తుత్తి అట్టకును వానికిని భేదము మిగులలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయమును సులభముగ చూపవచ్చును. విద్యార్థి తడిపాదముతో గచ్చుపై నిలిచినచో ముద్ర పడును. నడుమ ఖాళీ లేనిచో అది చదును పాదము. అప్పుడతనిని మునివ్రేళ్ళపై నిలువుమనవలెను. వంపు తేలినచో, నొప్పియు లేనిచో, ఆ పాదమునకు ఏ అట్టయు అక్కరలేదు. వంపు తేలక నొప్పియు నున్నచో, బూట్ల అంగడికి గాక ఎముకల వైద్యుని వద్దకు పంపవలెను.