'మీర్‌క్యాట్ మ్యానర్': వన్యప్రాణి చిత్రకథనంలో పేరు, కుటుంబం

1. ఉపోద్ఘాతం

టెలివిజన్ వన్యప్రాణి చిత్రాలలో చాలాకాలం కథానాయకత్వం జాతిదే. తెరపై కనిపించే ఒక్క సింహం సింహజాతికంతటికీ ప్రతినిధి. దానికి గతం ఉండదు, బంధువులు ఉండరు. 2005 నుండి 2008 వరకు నాలుగు సిరీస్‌లుగా, 52 ఎపిసోడ్లలో ప్రసారమైన 'మీర్‌క్యాట్ మ్యానర్' ఈ పద్ధతి నుండి స్పష్టంగా వేరుపడింది. ముంగిస వర్గానికి చెందిన మీర్‌క్యాట్ల గుంపును అది కుటుంబంగా, గుంపులోని జంతువులను పేరున్న వ్యక్తులుగా చిత్రించింది. ఆ వ్యక్తిత్వానికి ఆధారమేమిటి, 'కుటుంబం' అనే మాట ఎంతవరకు చెల్లుతుంది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. పేరుకు ఆధారం

1960లో నేటి టాంజానియాలోని గోంబేలో పరిశోధన ప్రారంభించిన జేన్ గుడాల్ చింపాంజీలకు సంఖ్యలకు బదులు పేర్లు పెట్టారు. అది శాస్త్రీయం కాదనే ఆక్షేపణ వచ్చింది. అయినా ఆమె వర్ణించిన తల్లి చింపాంజీ ఫ్లో 1972లో మరణించినప్పుడు లండన్ 'సండే టైమ్స్' సంస్మరణ ప్రచురించింది. జంతువుకు జీవితచరిత్ర ఉంటుందన్న భావన అప్పటికే పాఠకలోకాన్ని చేరింది.

'మీర్‌క్యాట్ మ్యానర్' ఈ మార్గంలోనిదే. దక్షిణాఫ్రికాలోని కలహారి ప్రాంతంలో, కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త టిమ్ క్లటన్-బ్రాక్ 1993లో ప్రారంభించిన పరిశోధనాక్షేత్రంలో దీనిని చిత్రించారు. అక్కడి జంతువులు మనుషులకు అలవాటుపడ్డాయి. వాటి జననమరణాలు, బరువులు క్రమంగా నమోదయ్యాయి. కెమెరా రాకముందే కథకు ఆధారసామగ్రి సిద్ధంగా ఉంది.

చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853)లోని పింగళకుడు, దమనకుడు మానవనీతిని పలికే పాత్రలు. ఆ పేరుగల సింహమో నక్కో బ్రతికి ఉండనవసరం లేదు. విస్కర్స్ గుంపుకు నాయకురాలైన ఫ్లవర్ నిజంగా జీవించిన ప్రాణి. అయితే అది మాట్లాడదు. బ్రిటిష్ ప్రసారంలో బిల్ నైయీ, అమెరికన్ ప్రసారంలో షాన్ ఆస్టిన్ దాని తరఫున కథ చెప్పారు. ప్రేమ, అసూయ, పగ వంటి మానవభావాలు ఆ వ్యాఖ్యాన స్వరం గుండా దొడ్డిదారిన ప్రవేశించాయి.

3. 'కుటుంబం' పరిమితి

మీర్‌క్యాట్ గుంపులో సంతానోత్పత్తి ప్రధానంగా ఆధిపత్యం గల ఆడజంతువుదే. గర్భం ధరించిన ఇతర ఆడవాటిని, తన కూతుళ్లనైనా, అది తరిమివేయగలదు. వాటి పిల్లలను చంపగలదు. మిగిలిన సభ్యులు దాని పిల్లలకు కాపలా కాసి ఆహారం పెడతాయి. జీవశాస్త్రం దీనిని సహకార ప్రజననం అంటుంది. దీనినే 'కుటుంబం' అన్నప్పుడు పోషణ మాతృప్రేమగా, బహిష్కరణ క్రౌర్యంగా కనబడతాయి. రెండూ మన విలువల నుండి పుట్టిన తీర్పులే.

2007 జనవరిలో ఫ్లవర్ పాముకాటుతో మరణించింది. ప్రేక్షకులు దుఃఖించారు, ఎందుకు కాపాడలేదని ప్రశ్నించారు. సహజమరణంలో జోక్యం చేసుకుంటే పరిశోధకుని దీర్ఘకాలిక పరిశీలనకు భంగం కలుగుతుంది. ఆ నియమం సమంజసమే. కానీ ప్రేక్షకునికి పరిచయమైనది పరిశోధనలోని ఒక నమోదు కాదు, ఒక ఇంటి తల్లి. ఇంటి మనిషి ప్రాణాపాయంలో ఉంటే ఊరకుండడం తప్పని అతని సంస్కారం. కాబట్టి ఆ ప్రశ్న అజ్ఞానజనితం కాదు, ధారావాహిక ఎన్నుకున్న కథనపద్ధతికి సహజ ఫలితం.

4. ముగింపు

● ఫ్లవర్ వ్యక్తిత్వం కల్పితం కాదు. దీర్ఘకాలిక క్షేత్రపరిశోధన దానికి పునాది.

● 'కుటుంబం' అనేది వ్యాఖ్యాన పదం. దానిని జీవశాస్త్ర సత్యంగా గ్రహిస్తే జంతువుపై మానవధర్మాన్ని ఆరోపించినట్లవుతుంది.

● అయినా పేరు లేని మీర్‌క్యాట్ మరణానికి అంతమంది దుఃఖించేవారు కారు. ఈ ప్రక్రియ బలమూ బలహీనతా ఒకేచోట ఉన్నాయి.