బొగ్గుగని, ఎక్స్‌రే గొట్టము

ఖమ్మము నుండి భద్రాచలపు అడవుల వైపు పోవునపుడెల్ల పాల్వంచ వద్ద మాకు బొగ్గే జ్ఞప్తికి వచ్చును. అచ్చటి థర్మల్ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ 1966 జూలైలో నడకకు వచ్చినది. దాని మేత సింగరేణి బొగ్గు. ఇల్లందు ప్రాంతమున ఆ బొగ్గును 1871లో విలియం కింగ్ గుర్తించెను. త్రవ్వకము 1889లో మొదలైనది.

ఇందు ఎక్స్‌రే ప్రసక్తి ఏల యని శ్రోతలు అడుగవచ్చును. ఏండ్ల తరబడి పీల్చిన బొగ్గుధూళి గని కార్మికుని ఊపిరితిత్తులలో నిలిచిపోవును. తొలిదశలో దగ్గు కూడ ఉండకపోవచ్చును. వైద్యుని చెవికి అందని ఆ జాడ రొమ్ము పటమున తెల్లని చిన్న చుక్కలుగ కనబడును.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గులో రాంట్జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొన్న గొట్టమున కొంత వాయువు మిగిలియుండెడిది. అందుచే కిరణబలమునకు నిలకడ లేదు. 1913లో అమెరికాలో కూలిడ్జ్ దానిని చక్కదిద్దెను. వాయువును పూర్తిగ తోడివేసిన గొట్టములో టంగ్‌స్టన్ తీగ తెల్లగ కాగి ఎలక్ట్రానులను వెలువరించును. వేలకొలది వోల్టుల పీడనము వానిని ఎదుటి టంగ్‌స్టన్ ఫలకముపైకి తరుమును. అవి తాకి నిలిచిపోవునపుడు వాని శక్తిలో నూటికి దాదాపు 99 పాళ్లు వేడిమియై పోవును; మిగిలిన ఆ ఒక్క పాలే ఎక్స్‌రే. ఇంతటి దుబారా యంత్రము మా యెరుకలో మరియొకటి లేదు!

మీట కట్టినచో కిరణమును ఆ క్షణమే ఆగును. కరెంటు లేనిచోట ఎంత మంచి గొట్టమైనను వట్టి గాజు. కార్మికుడు త్రవ్విన బొగ్గే మండి, కరెంటై, ఆ తీగను కాచి, తాను అతని ఊపిరితిత్తులలో విడిచిన ముద్రను పటమునకు ఎక్కించుచున్నది. ఆ మచ్చలు మానవు. కనబడిన వెంటనే అతనిని ధూళి నుండి తప్పింపవలెను.