కొమ్ము మొలిచిన కుందేలు

జపాను భాషను అభ్యసింపబూనిన తెలుగువాడు తొలి మాసములలోనే వినక తప్పని మాట 'తొనికకు'. "ఎట్లైనను", "ఆ సంగతి యటుండనిండు" అని మనము పలుకు తావులనెల్ల జపనీయుల నోట అలవోకగా దొరలు ఈ క్రియావిశేషణము, పాత పుస్తకములలో చీనా అక్షరములతో కంటబడినపుడు మాత్రము విద్యార్థిని నివ్వెరపరచును. ఏలయన, అందు మొదటి అక్షరమునకు కుందేలనియు, కడపటి దానికి కొమ్మనియు అర్థము, నడుమ నున్నది 'ని' యను ప్రత్యయము.

మాట పుట్టుక వేరు, వ్రాత పుట్టుక వేరు. 'తొ' యనగా అట్లు, 'కకు' అనగా ఇట్లు. ఈ రెంటిని జోడించి 'తొనికకుని' యని ప్రాచీనులు పలికినది "అటును ఇటును" అను భావముననే. 8వ శతాబ్దిలో కూర్పబడిన 'మన్యోషూ' కవితాసంకలనమందు దీనికి అక్కవంటిదైన 'కనికకుని' అను రూపము కానవచ్చును. ఇది అచ్చ జపాను పలుకు. కుందేటితో గాని కొమ్ముతో గాని దీనికి చుట్టరికము లేదు. అర్థముతో నిమిత్తము లేక, ధ్వనికొరకే చీనా అక్షరములను ఎరువు తెచ్చుకొను పద్ధతిని జపనీయులు 'అతెజి' యందురు. కుందేటి అక్షరమునకు చీనానుండి వచ్చిన ఉచ్చారణము 'తొ', కొమ్ము అక్షరమునకు 'కకు' అగుటచే, ఆ రెండును ఈ మాటకు వేషములైనవి.

ఆ జంట మాత్రము జపానునకు క్రొత్తది కాదు. లేని వస్తువునకు దృష్టాంతములుగా మన తార్కికులు చెప్పిన శశవిషాణమును కూర్మరోమమును బౌద్ధగ్రంథముల వెంట చీనాకును, అటనుండి జపానునకును పయనించి 'తొకకు కిమో' యను నుడిగా స్థిరపడినవి. షింగోను బౌద్ధసంప్రదాయ స్థాపకుడైన కూకై 797లో రచించిన 'సంగో షీకి' యను సంవాదగ్రంథమందు ఆతిథేయుని పేరు కుందేటికొమ్ము, కన్ఫ్యూషియసు మతమును బోధించు గురువు పేరు తాబేటివెండ్రుక. మూర్ఖుని మనస్సు రంజింపజేయుటకంటె సాధింప సులభమని భర్తృహరి చెప్పగా, ఏనుగు లక్ష్మణకవి తెనిగింపగా, మనము బాల్యముననే కంఠస్థము చేసిన కుందేటికొమ్ము ఇదియే.

నత్సుమె సోసెకి (1867–1916) వంటి నవలాకారుల రచనలలో 'తొనికకు'నకు కుందేటి, కొమ్ము అక్షరముల వ్రాత పాఠకులకు సుపరిచితమయ్యెను. కాని 1946లో ప్రభుత్వము 1850 అక్షరములతో నిత్యవ్యవహారపు పట్టికను ప్రకటించి, క్రియావిశేషణములను సాధ్యమైనంతవరకు ధ్వనులను మాత్రమే సూచించు కానా లిపిలోనే వ్రాయవలెననియు, అతెజిని విడువవలెననియు సూచించినది. కుందేటి అక్షరమునకు ఆ పట్టికయందు చోటు దక్కలేదు. నేడు ఈ మాట సాధారణముగా కానాలో ఒక తెగయగు హిరగానా అక్షరములు నాలుగింటితో వ్రాయబడుచున్నది.

కుందేటికొమ్మునకు పేరే కాని వస్తువు లేదని శాస్త్రము. ఈ మాటయందును కుందేలు వ్రాతలోనే కాని అర్థములో లేదు. కావున విద్యార్థి దీనిని చెవితో నేర్చి కానాతో వ్రాయుట మేలు. పాత నవలలో ఆ కొమ్ముల కుందేలే ఎదురుపడెనేని, మన యింటినుండి వెడలిన చుట్టమే యని పలుకరించి, అర్థమును మాత్రము దానిని అడుగక ముందుకు సాగవలెను.