అశోకుని శాసనమున పాలిచ్చు మేక

మేకను పితుకబోవు వేళ గంప క్రింద పిల్ల యరచుట మీరందఱును విన్నదే. పాలు చెంబున కెన్ని, పిల్ల కెన్ని యను తగవు నేటిది కాదు.

ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్లయం దొక రాతిస్తంభము కలదు. అశోకచక్రవర్తి దానిపై తన శాసనములను చెక్కించెను. 14వ శతాబ్దమున ఫిరోజ్‌షా తుగ్లక్ దానిని తోప్రా గ్రామమునుండి ఢిల్లీకి తెప్పించెను. అందలి వ్రాత నాడెవ్వరికిని తెలియలేదు. 1837లో జేమ్సు ప్రిన్సెపు చదువగలిగెను. అశోకుని పట్టాభిషేకమునకు 26 ఏండ్లు గడచిన పిమ్మట వ్రాయించిన అయిదవ శాసనమున, చంపరాని జంతువుల పట్టిక యున్నది. చిలుకలు, గోరువంకలు, హంసలు పేర్కొనబడిన పిదప ఇంటి పశువులు వచ్చును. చూడితో నున్నను, పిల్లకు పాలిచ్చుచున్నను, మేకను, గొఱ్ఱెను, ఆడుపందిని చంపరాదు. ఆరు నెలలు నిండని వాని పిల్లలను జంపరాదు.

ఆరు నెలలేల? శాసనము కారణము చెప్పదు. మేక అయిదు నెలలు మోయును. పిల్ల మూడవ నెలకే ఆకు మేయుచు పాలు మఱచుటకు సిద్ధమగును. నా యభిప్రాయమున ఇందు కరుణ యెంత కలదో, మందలెక్క తెలిసినవాని తెలివియు నంత కలదు. తల్లి పోయిన పసిపిల్ల దక్కుట కష్టము. పిల్ల పోయిన తల్లి సరిగా చేపదు.

ప్రాణము నిలిచెను సరే, పాలమాట యేమి? మైసూరున శ్యామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, ఆలమందల ప్రకరణమునం దొక విధి కలదు. వర్ష, శరద్, హేమంతములందు రెండు పూటలు పితుకవచ్చును. శిశిర, వసంత, గ్రీష్మములం దొక్క పూటయే. మీఱి రెండవ పూట పితికినవానికి బొటనవ్రేలు నఱకుట శిక్ష! శిక్ష క్రూరమే. కాని మేత యెండిన దినములలో రెండవ పూట పాలు పిల్లనోటి పాలే యని వారెఱిగిరి.

నేడు పశువైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు. పుట్టిన గంటలోపల పిల్ల ముర్రుపాలు కుడువవలెను. తొలి వారములందు తల్లిపాలన్నియు దానివే. పిదప రాత్రి పిల్లను వేఱుగా మూసి, ఉదయము పితికి, పగలు తల్లితో విడువవచ్చును. మూడు పిల్లలీనిన మేకకును చన్నులు రెండే. కావున అందు బలహీనమైనదానిని చేతబట్టి ముందుగా కుడిపింపుడు.