చూపించి ఆడినా అదే ఆట: 13 లక్షల డాలర్ల డ్రా కథ

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పేకాట డీల్ గురించి. 2009 నవంబర్ 21న ఫుల్ టిల్ట్ అనే పోకర్ సైట్‌లో జరిగింది. పాట్‌లో చేరిన డబ్బు 13,56,946 డాలర్లు. అప్పటి రేటుకి మన లెక్కలో 6 కోట్ల రూపాయల పైమాటే. ఆన్‌లైన్ పోకర్‌లో అతి పెద్ద పాట్ ఏదంటే అందరూ చూపించేది దీన్నే.

ఒకవైపు పాట్రిక్ ఆంటోనియస్. ఫిన్లాండ్ మనిషి, అప్పటికే పెద్ద పేరు. రెండోవైపు ఇసిల్దుర్1 అనే స్క్రీన్ నేమ్. అది ఎవరో అప్పటికి ప్రపంచానికి తెలీదు. కొన్ని వారాల ముందే ఊడిపడ్డాడు. టామ్ డ్వాన్ లాంటివాడి దగ్గర మిలియన్ల డాలర్లు గెలిచేశాడు.

ఈ డీల్ గురించి చెప్పేటప్పుడు చాలామంది ఒకే మాట అంటారు. "ఆంటోనియస్ దగ్గర స్ట్రెయిట్ రెడీగా ఉంది, ఇసిల్దుర్ దగ్గర ఏమీ లేదు, ఒక జత కూడా లేదు, పిచ్చోడిలా అంతా పెట్టేశాడు" అని. నేనూ చాలాకాలం అదే నమ్మాను. తర్వాత కూర్చుని లెక్కేస్తే కథ వేరేలా ఉంది.

ముందు ఆట అర్థం కావాలి. ఇది పాట్ లిమిట్ ఒమాహా. హోల్డెమ్‌లో చేతిలో రెండు ముక్కలు, ఇక్కడ నాలుగు. టేబుల్ మీద ఐదు ముక్కలు అందరికీ కామన్. రూల్ ఏంటంటే, చేతిలోంచి కచ్చితంగా రెండు, టేబుల్ మీంచి కచ్చితంగా మూడు వాడాలి. ఎనభైల మొదట్లో లాస్ వేగాస్‌లోని గోల్డెన్ నగ్గెట్ క్యాసినోలో రాబర్ట్ టర్నర్ అనే ఆటగాడు దీన్ని పరిచయం చేశాడంటారు. తర్వాత యూరప్ వాళ్లు దీన్ని ఎక్కువగా తలకెత్తుకున్నారు.

ఇక డ్రా అంటే ఏంటి? సంక్రాంతికి ఇంట్లో రమ్మీ ఆడినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చేతిలో 6, 7 పట్టుకుని 5 కోసమో 8 కోసమో కాచుకుని కూర్చుంటాం కదా, అదే డ్రా. హోల్డెమ్‌లో రెండువైపులా తెరుచుకున్న స్ట్రెయిట్ డ్రాకి పనికొచ్చే ముక్కలు 8. ఒమాహాలో నాలుగు ముక్కలు ఉండటం వల్ల ఆ సంఖ్య 13, 16, ఒక్కోసారి 20 దాకా పోతుంది. టేబుల్ మీద 9, 8, 2 ఉండి మీ చేతిలో జాకీ, 10, 7, 6 ఉన్నాయనుకోండి. రాణి, జాకీ, 10, 7, 6, 5లో ఏది పడినా స్ట్రెయిట్. లెక్కపెట్టుకోండి, సరిగ్గా 20. చివరి రెండు ముక్కల్లో ఒక్కటైనా పడే అవకాశం 70 శాతం దగ్గర. టేబుల్ మీది ముక్కల్ని రెండువైపులా చుట్టేస్తుంది కాబట్టి దీన్ని ర్యాప్ అంటారు.

ఇప్పుడు నవంబర్ 21కి వద్దాం. బ్లైండ్స్ 500, 1000 డాలర్లు. ముక్కలు పంచగానే పందెం 3 వేలు, 9 వేలు, 27 వేలు, 81 వేలు. ప్రతిసారీ మూడింతలు. ఇది ఆవేశం కాదు, పాట్ లిమిట్ లెక్కే అంత. పాట్‌లో ఎంతుందో అంతవరకే పెంచొచ్చు, కానీ ఆ పాటే మూడింతలుగా పెరుగుతూ పోతుంది. టేబుల్ మీద ఒక్క ముక్క తెరవకముందే 1,62,000 డాలర్లు చేరాయి.

ఆంటోనియస్ చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ రాజు, ఇస్పేటు రాజు, ఇస్పేటు 3. ఇసిల్దుర్ చేతిలో 9, 8, 7, 6. టేబుల్ మీద పడ్డవి ఇస్పేటు 4, కళావరు 5, ఆఠీన్ 2.

చూశారా? ఆసు, 3 కలిపితే ఆంటోనియస్‌కి అప్పుడే ఆసు నుంచి 5 వరకు స్ట్రెయిట్. ఇసిల్దుర్‌కి చేతిలో జత కూడా లేదు. కానీ 3 పడితే 7-6తో స్ట్రెయిట్. 6 పడితే 8-7తో, 7 పడితే 8-6తో, 8 పడితే 7-6తో. పైగా ఏది పడినా అప్పటికి దానికి మించిన స్ట్రెయిట్ ఎవరికీ ఉండదు. కొత్తగా ఆడేవాళ్లు మిస్ అయ్యేది ఇక్కడే. టేబుల్ మీద జాకీ, 10, 2 ఉండి మీ దగ్గర 9, 8 ఉంటే, రాణి పడినా స్ట్రెయిటే. కానీ ఎదుటివాడి దగ్గర ఆసు-రాజు ఉంటే మీ స్ట్రెయిట్‌తోనే మీరు మునుగుతారు. ఇసిల్దుర్ డ్రాలో ఆ చెత్త లేదు.

అతను చెక్ చేశాడు. ఆంటోనియస్ 91 వేలు పెట్టాడు. ఇసిల్దుర్ 4,35,000కి పెంచాడు. ఈ నంబర్ ఎక్కడిది? ముందు 91 కాల్ చెయ్యాలి. అప్పుడు పాట్ 162, 91, 91 కలిపి 344 వేలు. అంతే పెంచొచ్చు. 91కి 344 కలిపితే 435. అంటే రూల్ ఒప్పుకునే గరిష్ఠం. ఆంటోనియస్ మళ్లీ పెంచాడు, ఇసిల్దుర్ మిగిలిన 1,62,473 కూడా తోసేశాడు.

నేను ఇక్కడ పైథాన్ తెరిచాను. ఉద్యోగం మానేసినా ఆ అలవాటు పోలేదు. ఇద్దరి ముక్కలు, టేబుల్ ముక్కలు తీసేస్తే మిగిలేవి 41. వాటిలోంచి రెండు రావడానికి 820 రకాలు. కావాల్సిన 12 ముక్కల్లో (ఒక 3 ఆంటోనియస్ చేతిలోనే ఉంది కదా) ఒక్కటైనా పడేవి 414. అందులో 42 సార్లు ఆంటోనియస్‌కి ఫ్లష్ వచ్చి మళ్లీ గెలుస్తాడు. మిగిలింది 372. అంటే 45 శాతం.

చేతిలో "ఏమీ లేని" వాడికి 45 శాతం అన్నమాట!

ఇంకా ఉంది. ఆ క్షణంలో అతను ఇంకా పెట్టాల్సింది 5,97,473. మొత్తం పాట్‌లో 45.4 శాతం అంటే దాదాపు 6,15,600. ఆంటోనియస్ తన నాలుగు ముక్కలూ తిప్పి చూపించినా, ఫోల్డ్ చేయడం కంటే అంతా పెట్టడమే సగటున సుమారు 18 వేల డాలర్లు మెరుగు. ముందే పాట్‌లో 1,62,000 ఉండటమే కారణం. ఆంటోనియస్ దగ్గర స్ట్రెయిట్ లేకుండా ఉత్త రాజుల జతే ఉండి ఉంటే ఇసిల్దురే ఫేవరెట్.

నాలుగో ముక్క ఆఠీన్ 5. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా ఉద్దేశంలో డీల్ తిరిగింది ఇక్కడే. ఆంటోనియస్‌కి ఆఠీన్ ఫ్లష్ డ్రా వచ్చేసింది. ఇప్పుడు ఆఠీన్ 3, 6, 7 పడితే ఇసిల్దుర్‌కి స్ట్రెయిట్, ఆంటోనియస్‌కి ఫ్లష్. 12లో 3 పోయాయి. 40 ముక్కల్లో 9, అంటే 22.5 శాతం. చివరి ముక్క కళావరు 9. అయిపోయింది.

మరి అంత కరెక్ట్‌గా ఆడినవాడు చివరికి ఎందుకు మునిగాడు? ఈ డీల్ వల్ల కాదు. డిసెంబర్ 8న బ్రయాన్ హేస్టింగ్స్ అనే కాలేజీ కుర్రాడు ఐదు గంటల్లో అతని దగ్గర 40 లక్షల డాలర్లకు పైగా గెలిచాడు. హేస్టింగ్స్ ఒంటరిగా ప్రిపేర్ అవ్వలేదు. బ్రయాన్ టౌన్సెండ్, కోల్ సౌత్‌తో కలిసి ఇసిల్దుర్ ఆడిన వేల డీల్స్ డేటాని తవ్వాడు. అలా డేటా పంచుకోవడం సైట్ రూల్స్‌కి విరుద్ధం. టౌన్సెండ్ ఒప్పుకున్నాడు, నెల రోజులు సైట్ ప్రో హోదా పోగొట్టుకున్నాడు. ఆ డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

లెక్క ప్రకారం చూస్తే 45 శాతం మంచి పందెం. కానీ సగం కంటే ఎక్కువసార్లు ఓడిపోయే పందెం కూడా అదే. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద ముక్కని ప్రతి రాత్రీ అలాంటి పందేల మీద పెడితే, అవతల డేటాతో వచ్చినవాడికి ఒక్క సాయంత్రం చాలు. నా దగ్గరున్న ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ ఆ కాలమ్ లేదు.

మధ్యలో ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఈ ఆటలు ఆడటం నిషేధం. 2025లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. నేను చేసినట్టు 820 రకాలూ కోడ్‌లో తిప్పి చూసుకోండి, దానికి రూపాయి ఖర్చు కాదు.

ఇసిల్దుర్1 ఎవరో 2011 జనవరిలో బహమాస్‌లో బయటపడింది. పేరు విక్టర్ బ్లోమ్, స్వీడన్. ఆ 13 లక్షల డాలర్ల డీల్ ఆడిన రోజుకి అతని వయసు 19.