తీగ మన గూడెం ముందే ఎందుకు ఆగుతది?

పోస్టు కొంచెం పొడుగుంది. సిగ్నల్ ఉన్నప్పుడే సేవ్ చేసుకుంటే ఊరికి పోయాక కూడా చదువుకోవచ్చు.

మధిరలో ఉండి చదువుకునే మన చేతిలో ఫోన్ ఒకటే, కానీ అది రెండు రకాలుగా పనిచేస్తది. ఇక్కడ హాస్టల్లో ఉంటే వీడియో క్లాసు, హాల్ టికెట్, స్కాలర్‌షిప్ స్టేటస్ అన్నీ దొరుకుతాయి. అదే ఫోన్ పట్టుకుని పండక్కి ఇంటికి పోతే, అడవి మొదలైన కాడ నుంచి అది టార్చిలైటే. "మా ఊరికి టవర్ ఎప్పుడొస్తది" అని మనం అడుగుతూనే ఉంటాం. మేం కొందరం కూర్చుని ఆ ప్రశ్నను కొంచెం వెనక్కి జరిపి చూశాం. మన ప్రాంతానికి ఇంతకుముందు వచ్చిన తీగలు ఎవరి కోసం వచ్చాయి? ఎక్కడ ఆగాయి? ఎందుకు ఆగాయి? ఇది తెలిస్తే, ఇప్పుడు ఏం అడగాలో, ఎవర్ని అడగాలో తెలుస్తదని మా ఆలోచన.

బొగ్గు కోసం వచ్చిన తీగ

మధిర మీదుగా రైలు పోవడం మొదలైంది 1889లో. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్లు డోర్నకల్ నుంచి బెజవాడ దాకా లైను వేశారు. దానికి ఏడాది ముందు, 1888లో, డోర్నకల్ నుంచి ఇల్లెందుకు లైను పడింది. అక్కడ బొగ్గు దొరికింది కాబట్టి. రైలు నడవాలంటే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి కబురు పోవాలి. అందుకని పట్టాల పక్కనే స్తంభాలు, స్తంభాల మీద టెలిగ్రాఫ్ తీగ. అంటే, మన అడవి అంచుకు కబురు తీగ వచ్చి 130 ఏళ్లు దాటింది. అది కోయ గూడేనికి, లంబాడీ తండాకు కబురు చెప్పడానికి వచ్చింది కాదు. బొగ్గు ఉన్న దిక్కుకు పోయింది, రేవు ఉన్న దిక్కుకు పోయింది.

భద్రాచలం సంగతి ఇంకా విచిత్రం. అప్పట్లో మధిర నిజాం రాజ్యంలో ఉంది, భద్రాచలం బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1959లోగానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి రాలేదు. కొత్తగూడెంలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు "భద్రాచలం రోడ్". ఆ పేరున్న స్టేషన్ నుంచి భద్రాచలం పోవాలంటే ఇంకో 40 కిలోమీటర్లు. పేరు మనది, పట్టా ఆగింది బొగ్గు కాడ. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ కనిపిస్తది.

డబ్బు మన రీచార్జ్‌లోనే ఉంది

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరికి ఫోన్ అనేది చాలాకాలం వాయిదాల మాటే. 1994 జాతీయ టెలికాం విధానం, 1997 కల్లా ప్రతి గ్రామానికీ ఫోన్ అన్నది. 1999లో వచ్చిన కొత్త విధానం అదే మాటను 2002కి జరిపింది.

లాభం లేని ఊళ్లకు కంపెనీలు పోవు. అందుకని 2002 ఏప్రిల్ నుంచి ఒక ఏర్పాటు చేశారు. టెలికాం కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం ఒక నిధికి పోవాలి. దాని పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2003లో దానికి చట్టబద్ధత వచ్చింది. మొదట్లో అది పల్లెటూరి ల్యాండ్‌లైన్లకే. 2006 సవరణ తర్వాత మొబైల్‌కీ, బ్రాడ్‌బ్యాండ్‌కీ కూడా వాడొచ్చు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాని పేరును "డిజిటల్ భారత్ నిధి"గా మార్చింది.

దీన్ని మనం ఎందుకు తెలుసుకోవాలంటే, గుట్ట ఎక్కి ఒక్క పాయింట్ సిగ్నల్‌తో మాట్లాడే మన పెద్దనాన్న చేసే రీచార్జ్‌ కూడా కంపెనీ ఆదాయమే. ఆ ఆదాయంలో నుంచి కొంత ఈ నిధికి పోతది. కాబట్టి మన ఊరికి నెట్ రావడం ఎవరో పెట్టే దానం కాదు. దాని కోసమే కట్టించుకుంటున్న డబ్బు అది.

ఒకసారి బాగా జరిగింది, అది కూడా మన జిల్లాలోనే

ఇప్పుడు చెప్పేది మనలో చాలామందికి చిన్నప్పటి సంగతి. ఇంట్లో అమ్మనో అవ్వనో అడిగితే గుర్తుచేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డు మీద ఇచ్చేవాళ్లు. కార్డులో ఫొటో, వేలిముద్రలు, ఖాతా వివరాలు ఉండేవి. ఊళ్లోనే ఒక మనిషి చిన్న మిషన్ పట్టుకుని కూర్చునేది. కార్డు పెట్టి, వేలు పెడితే, కార్డులో ఉన్న ముద్రతో మిషన్ సరిచూసుకుని రసీదు ఇచ్చేది. కొన్ని మిషన్లు ఎంత డబ్బో తెలుగులో పైకి చెప్పేవి కూడా. చదువురాని అవ్వకు అది పెద్ద సంగతి.

ఆ మిషన్ పట్టుకునే మనిషి ఎవరై ఉండాలన్నది కూడా నిబంధనే. ఆ ఊరి ఆడమనిషి అయి ఉండాలి, చదువుకున్నదై ఉండాలి, ఊరి అధికారులకు చుట్టం కాకూడదు.

2010 నుంచి రెండేళ్లు 8 జిల్లాల్లో, 157 మండలాల్లో ఆర్థిక శాస్త్రవేత్తలు మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ దీన్ని పరీక్షించారు. ఆ 8 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే టైము 22 నిమిషాలు తగ్గింది. డబ్బు త్వరగా వచ్చింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. కార్డు వాడినవాళ్లలో నూటికి 90 మందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు.

అప్పుడు మన ఊళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఎక్కడుంది? లేదు. అయినా పని జరిగింది. ఎందుకంటే నెట్‌వర్క్ లేని ఊరు ఎట్లుంటదో అట్లనే ఒప్పుకుని ఆ పద్ధతిని తయారుచేశారు. వేలిముద్ర కార్డులోనే ఉంది కాబట్టి ప్రతిసారీ సిగ్నల్ కోసం చూడాల్సిన పని లేదు. మిషన్ ఊళ్లోకి వచ్చింది, మన మనిషి చేతిలో ఉంది. మిషన్ మన దగ్గరికి రావాలా, మనం మిషన్ దగ్గరికి పోవాలా అన్నదే అసలు తేడా.

పంచాయతీ దాకా ఫైబర్

2011 అక్టోబర్ 25న కేంద్ర మంత్రివర్గం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఓకే చెప్పింది. దేశంలో ఉన్న 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు రెండేళ్లలో ఫైబర్. ఖర్చు సుమారు 20,000 కోట్లు, పైన చెప్పిన నిధి నుంచే. రెండేళ్లు గడిచాయి. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ ఆపేశారు. పాత తీగ ఆగిపోయింది, కొత్త తీగ ఇంకా రాలేదు. ఆ తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. మొదటి దశలో లక్ష పంచాయతీలు పూర్తయ్యాయన్నది 2017 డిసెంబర్‌లో.

ఇక్కడ రెండు సంగతులు మన కంటితో చూడాలి. ఒకటి, లక్ష్యం పంచాయతీ ఆఫీసు. గూడెం కాదు. మైదానంలో పంచాయతీ అంటే ఊరు. ఏజెన్సీలో పంచాయతీ అంటే వాగుల అవతల, గుట్టల కింద చెదిరి ఉన్న అరడజను గుంపులు. ఆఫీసు గోడకు డబ్బా బిగిస్తే రికార్డులో అన్ని గుంపులకూ నెట్ వచ్చినట్టే.

రెండోది, 2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టంతో 1,177 తండాలు, గూడేలు సొంతంగా పంచాయతీలయ్యాయి. మనకు పెద్ద గెలుపే అది. కానీ 2011లో లెక్కేసిన జాబితాలో 2018లో పుట్టిన పంచాయతీ ఎట్లుంటది?

రాష్ట్రం కూడా తన వంతు మొదలుపెట్టింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకంలోనే టీ-ఫైబర్ గొట్టం వేశారు. ఒకసారి తవ్వి రెండు పనులు, మంచి ఆలోచనే. 2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్‌ను ఇళ్లకు ఇచ్చే పని మూడు ఊళ్లలో మొదలైంది. పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూరు, సంగారెడ్డి జిల్లా సంగుపేట. మూడింటిలో ఒక్కటీ మన ఏజెన్సీ ఊరు కాదు.

ఇంకో చిక్కు 2014లో వచ్చింది. పోలవరం కోసం భద్రాచలం పట్నాన్ని తెలంగాణలో ఉంచి, చుట్టుపక్కల మండలాలను ఆంధ్రాలో కలిపారు. ఆంధ్రా ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద తీగ లాగి, 2017 డిసెంబర్‌లో మొదలైంది. మనది భూమిలో. ఇప్పుడు ఒకే ఇంటిపేరున్న చుట్టాలు రోడ్డుకు అటూ ఇటూ రెండు రాష్ట్రాల రెండు స్కీముల కింద ఉన్నారు.

ముందు యాప్, తర్వాత టవర్

2014 ఆగస్టులో కేంద్రం మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,199 చోట్ల బీఎస్‌ఎన్‌ఎల్ టవర్లకు అనుమతిచ్చింది. మన పాత ఖమ్మం జిల్లా ఆ ప్రాంతాల్లో ఉంది. స్కీము పేరులోనే ఉంది ఆ టవర్ ముఖ్యంగా ఎవరి అవసరమో. అయినా మనకూ పనికొచ్చింది, 108కి ఫోన్ చేయగలిగాం. కానీ అవి 2జీ. మాట పోతది, ఫొటో పోదు. వాటిని 4జీ చేయాలని నిర్ణయించింది 2022 ఏప్రిల్‌లో, 2,343 చోట్ల.

ఈ మధ్యలో ఏమేం వచ్చాయో చూడండి. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన క్లాసులు టీ-శాట్, దూరదర్శన్, ఫోన్లలోకి పోయాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికాడ హాజరు, యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలన్నారు. 2024 జనవరి నుంచి ఆధార్ లింకు లేకుంటే కూలి పడదన్నారు. 2010లో నెట్ లేకపోయినా కూలి ఇచ్చే పద్ధతి మన జిల్లాలో ఉండేది. 2023 కల్లా, గడ్డపార పట్టి మట్టి తవ్వినా ఫొటో ఎక్కకపోతే పని చేసినట్టు కాదు అనే కాడికి వచ్చింది. టెక్నాలజీ ముందుకే పోయింది. నెట్ లేని భారం మాత్రం ఆఫీసు భుజం మీద నుంచి మన అమ్మానాన్నల భుజం మీదికి మారింది.

నేర్పించే స్కీము కూడా ఉండింది. 2017లో మొదలైన పీఎంజీదిశ కింద ఇంటికి ఒకరికి 20 గంటల డిజిటల్ పాఠం, చివర్లో ఆన్‌లైన్ పరీక్ష. 2024 మార్చితో అది ముగిసింది. పాఠాలు రాజ్యాంగం 8వ షెడ్యూల్ భాషల్లో. కోయ, లంబాడీ ఆ షెడ్యూల్‌లో లేవు. ఇంటికి ఒకరంటే మన ఇళ్లలో ఆ ఒకరు ఎక్కువగా చదువుకుంటున్న మనమే. ఎవరికి అసలు అవసరమో, ఆ అమ్మకు అది అందలేదు.

ఇప్పుడు అడగాల్సింది

2023 ఆగస్టు 4న కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు ఆమోదించింది. అందులో ఒక ముక్క మనకు చాలా ముఖ్యం. 2.64 లక్షల పంచాయతీలకు ఫైబర్ వాళ్లే ఇస్తారు. పంచాయతీ కేంద్రం కాని మిగతా 3.8 లక్షల గ్రామాలకు మాత్రం "అడిగితే" ఇస్తారు. అడగని ఊరికి రాదు. మన గుంపుల తరఫున ఎవరు అడిగారు?

అడవి అడ్డం, ఫారెస్టోళ్లు ఒప్పుకోరు అనే మాట మనం చాలా విన్నాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి పైపులతో కలిపి 13 రకాల ప్రభుత్వ సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. ఆ 13లో కరెంటు, టెలికమ్యూనికేషన్ లైన్లు ఉన్నాయి. షరతులు మూడు. భూమి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. సగం మంది సభ్యులున్న గ్రామసభ తీర్మానంతో కాగితం రేంజ్ ఆఫీసర్ దగ్గరికి, అక్కడి నుంచి డీఎఫ్‌వో దగ్గరికి పోతది. ఒక జాగ్రత్త: చట్టంలో "లైన్లు" అని ఉంది, టవర్ అని లేదు. అందుకని తీర్మానంలో ఫైబర్ లైను అనే రాయాలి.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికాలో 2020లో ప్రభుత్వం, గ్రామీణ ఆదివాసీ తెగలకు తమ నేల మీది 2.5 గిగాహెర్ట్జ్ తరంగాలను వేలం కంటే ముందే అడిగి తీసుకునే అవకాశం ఇచ్చింది. 400కు పైగా దరఖాస్తులు పడ్డాయి. నేల మాదైతే గాలిలో పోయే సిగ్నల్ మీద కూడా మాకు మాట ఉండాలని వాళ్లు అడిగారు, దక్కించుకున్నారు.

మేం అనుకున్నది ఇది. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్కొక్కరం మూడు సంగతులు రాసుకొద్దాం. మన పంచాయతీ కింద ఎన్ని గుంపులున్నాయి, ఏ గుంపు పంచాయతీ ఆఫీసుకు ఎంత దూరం, ఆఫీసులో ఫైబర్ డబ్బా ఉందా, ఉంటే దాని లైటు వెలుగుతుందా. అవన్నీ ఇక్కడే పెడితే మండలాల వారీగా పట్టిక మేం తయారుచేస్తాం. తర్వాతి గ్రామసభకు తీర్మానం నమూనా తెలుగులో రాసి పెడతాం. దాంట్లో ఫైబర్‌తో పాటు ఇంకో మాట కూడా ఉండాలి: లైను వచ్చేదాకా, నెట్ లేదని ఎవరి కూలీ, ఎవరి పింఛనూ ఆపొద్దు, మిషన్ ఊళ్లోకి తీసుకురండి అని. అది కొత్త కోరిక కాదు, మన జిల్లాలో ఒకప్పుడు జరిగిందే.

కోయలో, లంబాడీలో ఈ పోస్టును వాయిస్‌గా చెప్పగలిగినవాళ్లు ముందుకు రండి. ఇంట్లో పెద్దోళ్లకు వినిపిద్దాం. గ్రామసభలో చెయ్యెత్తాల్సింది వాళ్లే కదా.