గాలి గన్ను మన్నాలంటే...

కరీంనగర్, ఆదిలాబాద్: రాజీవ్ రహదారిపై సుల్తానాబాద్, పెద్దపల్లి, గోదావరిఖనిలలోనూ, 44వ నంబరు జాతీయ రహదారిపై నిర్మల్ నుంచి ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్ వరకూ టైర్ల దుకాణాలు, మరమ్మతు షెడ్లు అడుగడుగునా కనిపిస్తాయి. సింగరేణి బొగ్గు టిప్పర్లు, గ్రానైట్ దిమ్మెల లారీలు, సిమెంటు బండ్లు, పత్తి లోడ్లు వీటికి ఆధారం. ఒకప్పుడు పానాకు ఇనుప పైపు తొడిగి, దానిపై మనిషి నిలబడి విప్పిన చక్రాల నట్లను నేడు ఎయిర్ ఇంపాక్ట్ రెంచ్ క్షణాల్లో విప్పేస్తోంది. మెకానిక్‌ల వాడుకలో అది గాలి గన్ను. షెడ్డు యజమానికి కంప్రెసర్ తరువాత పెద్ద పెట్టుబడి తరచూ ఇదే. అయితే కొద్ది నెలలకే బలం తగ్గిందంటూ మూలన పడేసే గన్నులూ తక్కువేమీ కాదు. చాలా సందర్భాల్లో లోపం గన్నుది కాదు, దానికి అందే గాలిది.

లోపల జరిగేదేమిటి?

గాలి లోపలికి వెళ్లగానే మోటారులోని సన్నని రెక్కలు తిరుగుతాయి. ఆ తిరుగుడుతో సుత్తి వేగం పుంజుకుని, ముందున్న ఇరుసును పదేపదే మోదుతుంది. నట్టు కదిలేది ఆ దెబ్బలకే. అందుకే పట్టుకున్న చేతికి పెద్దగా తిప్పు తగలదు. ఎదురెదురుగా ఒకేసారి కొట్టే జంట సుత్తుల రకంలో దెబ్బ సమంగా పడుతుంది, అదురు తక్కువ, అరుగుదలా తక్కువ. రోజంతా పని ఉండే షెడ్డుకు ఈ రకమే మేలు.

ఏ పనికి ఏది?

కార్లు, జీపులు, ఆటోల పనికి అర అంగుళం గన్ను సరిపోతుంది. చిన్న లారీలు, ట్రాక్టర్లకు ముప్పావు అంగుళం, పది టైర్ల లారీలు, టిప్పర్లకు అంగుళం గన్ను అవసరం. లారీల వెనుక జోడు చక్రాల నట్లు లోతుగా ఉంటాయి కనుక ముందు ఇరుసు పొడవుగా ఉన్న నమూనాను తీసుకోవాలి. పొట్టి గన్నుకు పొడిగింపు కడ్డీ తగిలిస్తే దెబ్బ బలంలో కొంత ఆ కడ్డీలోనే పోతుంది. అర అంగుళం గన్నుతో టిప్పర్ నట్లను నిమిషాల తరబడి కొట్టించడం గన్నును చేజేతులా చంపుకోవడమే.

డబ్బాపై పెద్ద అక్షరాలతో ముద్రించే అంకెను చూసి మోసపోరాదు. అది తరచుగా విప్పేటప్పుడు వచ్చే గరిష్ఠ బలం. బిగించేటప్పుడు నిలకడగా వచ్చే బలం అంతకంటే తక్కువ. ఆ రెండో అంకె ఎంతో దుకాణదారును అడగాలి.

టైరుకు ఒకటి, గన్నుకు ఒకటి

మన షెడ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. లారీ టైరుకు 110 నుంచి 130 పీఎస్ఐ గాలి కావాలి కనుక కంప్రెసర్‌ను అంతకంటే ఎక్కువ ఒత్తిడిలో నడుపుతారు. గన్నులు మాత్రం సాధారణంగా 90 పీఎస్ఐ కోసం తయారవుతాయి. మధ్యలో రెగ్యులేటర్ లేకుండా అదే పైపును గన్నుకు తగిలిస్తే మొదట్లో బ్రహ్మాండంగా కొడుతుంది, తరువాత సుత్తి, ఇరుసు పగుళ్లు తీస్తాయి. దీనికి విరుద్ధమైన తప్పూ ఉంది. సన్నని, పొడవాటి పైపు వేస్తే ట్యాంకు మీటరులో ఒత్తిడి నిండుగా కనిపిస్తుంది, మీట నొక్కగానే గన్ను వద్ద పడిపోతుంది. అర అంగుళం గన్నుకు లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్ల పైపు, అంగుళం గన్నుకు 19 మిల్లీమీటర్ల పైపు వేయడం మంచిది. ఒత్తిడిని గన్ను నడుస్తుండగా చూడాలి. కంప్రెసర్ పలకపై ఉండే డిస్‌ప్లేస్‌మెంట్ అంకె కంటే వాస్తవంగా బయటికి వచ్చే గాలి తక్కువన్నదీ గుర్తుంచుకోవాలి.

వానాకాలంలో మరో శత్రువు నీరు. తేమగాలిని కుదించినప్పుడు ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. దాన్ని రోజూ వదిలేయకపోతే పైపు వెంట గన్నులోకి వచ్చి బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. లైనులో నీటిని వడకట్టే ఫిల్టరు, రెగ్యులేటరు, నూనె అందించే లూబ్రికేటరు వరుసగా ఉండాలి. లేకుంటే ఉదయం పని మొదలుపెట్టే ముందు గాలి ముట్టె వద్ద నాలుగైదు చుక్కల ఎయిర్ టూల్ నూనె వేయాలి. ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉండి రెక్కలను అంటుకుపోయేలా చేస్తుంది. లూబ్రికేటరు ఉన్న లైనుతో టైర్లలో గాలి నింపరాదు, నూనె రబ్బరుకు మంచిది కాదు. టైరు గాలికి పాయను అంతకు ముందే వేరు చేయాలి.

కొనే ముందు

ఇంగర్సోల్ రాండ్, షికాగో న్యూమాటిక్ వంటి పేరున్న కంపెనీలవైనా, చవక రకాలైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: రెక్కలు, బేరింగులు, ఇరుసు, మీట కిట్టు విడిగా దొరుకుతాయా? రెక్కలు అరిగిపోవడం సహజం, వాటిని మార్చితే గన్ను మళ్లీ కోలుకుంటుంది. విడిభాగాలు దొరకని గన్ను ఎంత చవకైనా ఒక్కసారికే. దుకాణంలో ఖాళీగా తిప్పి చూపితే నమ్మనవసరం లేదు, బిగిసిన నట్టుపై పరీక్షించాలి. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తప్పనిసరి. బండి ఆగిన చోటికే వెళ్లి పనిచేసేవారికి నేడు బ్యాటరీ గన్నులూ ఉన్నాయి, అయితే కంప్రెసర్ ఉన్న షెడ్డులో లారీల పనికి గాలి గన్ను ఖర్చే తక్కువ.

మెకానిక్‌లు గోటీలు అనే సాకెట్ల విషయంలో పొదుపు వద్దు. మెరిసే చేతి గోటీలు దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. ఇంపాక్ట్ కోసం చేసిన నల్లని గోటీలనే, కంటి అద్దాలు పెట్టుకుని వాడాలి. గంటల తరబడి ఆ మోత వినేవారు చెవులకూ రక్షణ పెట్టుకోవాలి.

బిగింపులో జాగ్రత్త

గన్ను బలమైనదైతే విప్పడం సులువు, బిగించడంలో ప్రమాదం. అతిగా బిగిస్తే స్టడ్ సాగి, లోడుతో వెళ్తుండగా తెగిపోవచ్చు. నట్టును మొదట రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. ఎదురెదురు నట్లను గన్నుతో దగ్గరకు తెచ్చి, తుది బిగింపు టార్క్ రెంచ్‌తో చేయాలి. కార్లకు ఇది సుమారు 90 నుంచి 120 న్యూటన్ మీటర్లు. భారీ లారీలకు చాలా వరకు 550 నుంచి 700 మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె వాహన పుస్తకంలో చూసుకోవాలి. చక్రం మార్చిన బండి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లను మళ్లీ పరీక్షించాలి. గోదావరిఖనిలో చక్రం మార్చుకుని బొగ్గు లోడుతో బయలుదేరిన డ్రైవరు కరీంనగర్ చేరాక ఒకసారి దిగి ఆ పని చేయించుకోవలసిందే.